డబ్బా రంగు కాదు, డబ్బా వెనక రాత చూడండి

(విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో పికప్ బళ్ల యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడినవారు ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పిన అధ్యాపకులు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న తమ్ముళ్లు కొంచెం ముందుకొస్తే బాగుంటుంది. బయట గ్రైండర్ మోత ఉంది, నా గొంతు అంత దూరం రాదు.

ఈ రోజు మనం మాట్లాడుకునేది కూలెంట్ గురించి, అంటే ఇంజన్ని చల్లబరచడానికి రేడియేటర్లో పోసే ద్రవం గురించి. ఇంజనాయిల్ గురించి అడిగితే మీలో చాలామంది గ్రేడుతో సహా చెబుతారు, ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో కూడా చెబుతారు. అదే కూలెంట్ ఏది పోస్తున్నారని అడిగితే "పచ్చది మాస్టారూ" అంటారు, లేకపోతే "ఎర్రది" అంటారు. "నీళ్లే పోస్తాం, ఏటవుద్ది?" అనేవాళ్లూ ఉన్నారు. నేను వచ్చింది ఈ రంగుల లెక్క మీ మనసులోంచి తీసేయడానికి. రంగు అనేది తయారుచేసేవాళ్లు చివర్లో కలిపే అద్దకం. లీకైతే కంటికి కనపడాలి, ఎవరూ మంచినీళ్లనుకుని తాగకూడదు, అందుకు కలుపుతారు. ఏ రంగు డబ్బాలో ఏ మందు ఉండాలో ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క ఏదీ లేదు. ఒక కంపెనీ పచ్చ కూలెంట్‌కీ, ఇంకో కంపెనీ పచ్చ కూలెంట్‌కీ లోపల సంబంధమే ఉండకపోవచ్చు.

ముందు ఇంజన్లో జరిగేది చూద్దాం. డీజిల్ మండినప్పుడు సిలిండర్ లోపల గ్యాసు వేడి 2000 డిగ్రీల దాకా వెళ్తుంది. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ మీ బండిలో అల్యూమినియందైతే, ఆ లోహం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. కరక్కుండా నిలబడుతోందంటే దాని వెనక గదుల్లో క్షణం ఆగకుండా ద్రవం తిరుగుతోంది కాబట్టే. మీరు పోసిన డీజిల్‌లో ఉన్న శక్తిలో దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు ఇలా రేడియేటర్ గుండా గాలిలోకే పోతుంది. అంత వేడిని మోసేది ఆ నాలుగైదు లీటర్లో, ఏడెనిమిది లీటర్లో.

ఇక్కడ ఒక విషయం సూటిగా చెప్పాలి. వేడిని మోయడంలో నీళ్లని మించింది లేదు. కూలెంట్ డబ్బాలో ఎక్కువ భాగం ఉండే ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లతో పోలిస్తే వేడిని మోయడంలో బాగా వెనకబడుతుంది. అందుకే గాఢమైన కూలెంట్ నీళ్లు కలపకుండా పోస్తే బండి చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు, ఇంకా ఎక్కువ హీటవుతుంది. మరి నీళ్లే అంత మంచివైతే గ్లైకాల్ ఎందుకు? రెండు కారణాలు. నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి, సగం సగం కలిపిన కూలెంట్ 107, 108 డిగ్రీల దాకా ఆగుతుంది. రెండోది, నాకు ముఖ్యమైనది, ఉత్త నీళ్లు లోహాన్ని తినేస్తాయి. కూలెంట్‌లో ఉండే తుప్పు ఆపే మందులు ఆ పని జరగనివ్వవు. చలిదేశాల వాళ్లు గడ్డకట్టకుండా పోసుకుంటారు, సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. మన దగ్గర లంబసింగిలో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగుతుంది తప్ప, అంతకు మించి మనకా బాధ లేదు. మన బాధ వేడి, తుప్పు, ఉప్పు.

ఆ మరిగే లెక్క అరకు రోడ్డు మీద ఎలా పనిచేస్తుందో చూడండి. శృంగవరపుకోట దాటి, దముకు, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎక్కుతారు. అక్కడ మీరు సముద్రమట్టానికి 1300 మీటర్ల దరిదాపుల్లో ఉంటారు. ఎత్తుకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే గాలికొండ మీద గిన్నెలో నీళ్లు 96 దగ్గరే మరిగిపోతాయి. ఇంజన్లో థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు, తెరుచుకోవడం మొదలయ్యేదే 82 నుంచి 88 మధ్య. పూర్తిగా తెరుచుకునేసరికి 95 దాటొచ్చు. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఉత్త నీళ్లు పోసి, రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయి ప్రెషర్ పట్టకపోతే, లోడుతో రెండో గేర్లో ఎక్కుతున్న బండికి మిగిలిన తేడా ఎంత? ఏమీ లేదు.

మూతని మనం మూతలాగే చూస్తాం. కానీ అది ఒక వాల్వు. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అన్ని బార్ల ప్రెషర్ వచ్చేదాకా లోపల బిగించి ఉంచుతుంది. ఆ ప్రెషర్ వల్లే నీళ్లు కూడా 120 దాకా మరగకుండా ఉంటాయి, సగం సగం కూలెంట్ ఇంకా పైదాకా ఆగుతుంది. కొత్త మూత ఖరీదు ఒక పూట భోజనాల ఖర్చు. రబ్బరు పగిలినా, స్ప్రింగు తుప్పు పట్టినా మార్చేయండి. కానీ 0.9 మూత ఉన్న బండికి 1.1 మూత బిగించకండి, పాత హోస్ పైపులు ఊడిపోతాయి.

సరే, ఇప్పుడు ఎంపిక. కూలెంట్లని వాటిలో వాడే తుప్పు మందుని బట్టి మూడు కుటుంబాలుగా చూడొచ్చు.

మొదటిది పాతకాలంది. సిలికేట్లు, ఫాస్ఫేట్లు లాంటి లవణాలు వాడతారు. పొడి అక్షరాల్లో ఐఏటీ అంటారు. ఇది లోహం మొత్తం మీద పొరలా పరుచుకుంటుంది, త్వరగా పనిచేస్తుంది, కానీ త్వరగా అరిగిపోతుంది. రెండేళ్లు దాటితే దాన్ని నమ్మలేం. పాత బళ్లలో రాగి, ఇత్తడి రేడియేటర్లకీ, వాటి సీసపు అతుకులకీ ఇదే సరిపోయేది. రెండోది ఓఏటీ, సేంద్రియ ఆమ్లాలతో చేసేది. ఇది లోహమంతా కప్పదు, తుప్పు మొదలయ్యే చోటకే వెళ్లి పట్టుకుంటుంది. అందుకని నిదానంగా ఖర్చవుతుంది, ఐదేళ్ల దాకా కూడా వస్తుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1990ల మధ్యలో డెక్స్‌కూల్ పేరుతో నారింజ రంగులో తెచ్చింది ఈ రకమే. మూడోది ఈ రెండింటినీ కలిపింది, హైబ్రిడ్. ఇందులో మళ్లీ రెండు దారులు. యూరప్ వాళ్లు సిలికేట్ కలుపుతారు, ఫాస్ఫేట్ వద్దంటారు, ఎందుకంటే వాళ్ల దగ్గర చాలాచోట్ల నీళ్లు గట్టివి, సున్నం ఎక్కువ. జపాన్, కొరియా వాళ్లు ఫాస్ఫేట్ కలుపుతారు, సిలికేట్ వద్దంటారు, వాటర్ పంపు సీలు త్వరగా అరుగుతుందని.

ఈ పేర్లు మీరు బట్టీ పట్టక్కర్లేదు. మీరు చూడాల్సింది బండితో వచ్చిన పుస్తకం, అదే ఓనర్స్ మాన్యువల్. అందులో కూలెంట్ అన్నచోట ఒక ప్రమాణం నంబరు ఉంటుంది, లేదా కంపెనీ సొంత కూలెంట్ పేరు ఉంటుంది. మన దేశంలో బీఐఎస్ వాళ్ల ప్రమాణం ఐఎస్ 5759. జపాన్ వాళ్లది జేఐఎస్ కె2234. అమెరికా వాళ్లది, చిన్న బళ్లకి ఏఎస్‌టీఎం డి3306, పెద్ద లారీలకి డి6210. పుస్తకంలో ఉన్న నంబరూ, డబ్బా వెనక ఉన్న నంబరూ కలిస్తే కొనండి. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో "అన్ని బళ్లకీ" అని ఉండి, వెనక ఏ నంబరూ లేకపోతే అక్కడే వదిలేయండి. పుస్తకం పోయిందంటారా, కంపెనీ వెబ్‌సైట్లో ఫోన్లోనే తెరుచుకోవచ్చు, చాలా కంపెనీలు పెట్టాయి.

లారీ కూలెంట్ మిగిలిందని పికప్‌లో పోసేవాళ్లున్నారు. పెద్ద లారీ ఇంజన్లలో చాలావాటికి వెట్ లైనర్లుంటాయి, అంటే బయటి గోడకి నేరుగా కూలెంట్ తగిలే సిలిండర్ గొట్టాలు. పిస్టన్ దెబ్బలకి లైనర్ వణికి, దాని బయటి గోడ దగ్గర కూలెంట్‌లో సన్నని బుడగలు పుట్టి పగులుతుంటాయి, ఆ దెబ్బలకి ఇనుముకి కూడా గుంటలు పడతాయి. దాన్ని ఆపడానికి చాలా లారీ కూలెంట్లలో నైట్రైట్ కలుపుతారు. పికప్‌లో ఉన్న పల్చని అల్యూమినియం రేడియేటర్‌కి ఆ నైట్రైట్ మంచిది కాదు. మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప పోయొద్దు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6, అంటే కొత్త పొగ నిబంధనల డీజిల్ బళ్లు ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా వినండి. ఈజీఆర్ కూలర్ అని ఒకటుంది. సైలెన్సర్ వైపు పోవాల్సిన పొగలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, చల్లార్చి మళ్లీ ఇంజన్లోకి పంపుతుంది. ఆ చల్లార్చేది మన కూలెంటే. కొన్ని వందల డిగ్రీల పొగ ఒక పక్క, కూలెంట్ ఒక పక్క, మధ్యలో పల్చని రేకు. అక్కడ సున్నం పేరుకుంటే ఆ రేకు కాలి, పగిలి, కూలెంట్ ఇంజన్లోకి పోతుంది. బయట ఎక్కడా చుక్క లీకు కనపడదు, బండిలో కూలెంట్ మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. మా పాత బండి పాతికేళ్లు బోరు నీళ్ల మీదే తిరిగిందని చెప్పే పెద్దవాళ్ల మాట అబద్ధం కాదు. ఆ బండికి రాగి రేడియేటర్, పోత ఇనుప హెడ్, ఈజీఆర్ లేదు. మీ బండి వేరు.

నీళ్ల సంగతికి వచ్చాం. నా ఉద్దేశంలో కూలెంట్ ఎంపికలో సగం పని నీళ్ల ఎంపికే. మీరంతా బొర్రా గుహలు చూసే ఉంటారు. పైకప్పు నుంచి వేలాడే ఆ రాతి ఊడలన్నీ నీళ్లలో కరిగిన సున్నం చుక్క చుక్కగా దిగి గడ్డకట్టినవే. అక్కడ అందుకు వేల ఏళ్లు పట్టింది. మీ ఇంజన్లో బోరు నీళ్లు రోజూ 90 డిగ్రీల దాకా కాగుతాయి కాబట్టి కొన్ని నెలలు చాలు. అదే సున్నం, అదే పద్ధతి. అది ఎక్కడ పడితే అక్కడ పేరుకోదు, అన్నిటికంటే వేడిగా ఉన్నచోట మొదట పేరుకుంటుంది. అంటే హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల వెనక, ఈజీఆర్ కూలర్లో. ఆ పొర ఇనుము కంటే ఎన్నో రెట్లు తక్కువగా వేడిని దాటనిస్తుంది. వేడి చూపించే మీటరు ముల్లు మామూలుగానే ఉంటుంది, హెడ్ లోపల ఒకచోట మాత్రం కాలిపోతూ ఉంటుంది.

జపాన్ రకం ఫాస్ఫేట్ కూలెంట్‌లో బోరు నీళ్లు కలిపితే ఇంకా అన్యాయం. ఫాస్ఫేట్ ఆ సున్నంతో కలిసి అక్కడికక్కడే తెల్లని మడ్డిగా మారుతుంది. మందూ పోయింది, మడ్డీ మిగిలింది. హైలక్స్ ఉన్నవాళ్లకి చెబుతున్నా, టయోటా గులాబీ రంగు కూలెంట్ నీళ్లు కలిపే ఉంచింది వస్తుంది. అందులో మళ్లీ మీరు నీళ్లు పోయాల్సిన పనే లేదు.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల లోడు ఎత్తే తమ్ముళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. తీరం వెంట చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పులో ఉండే క్లోరైడ్ అల్యూమినియానికి సూదితో పొడిచినట్టు గుంటలు పెడుతుంది. ఒక్కసారి హార్బర్ పంపు దగ్గర రెండు లీటర్లు పోసుకుంటే ఏమైపోతుందిలే అనుకోవద్దు. దారిలో ప్రాణం మీదికొస్తే ఏ నీళ్లైనా పోయండి, తప్పదు. కానీ తిరిగొచ్చాక ఆ నీళ్లన్నీ దింపి కడిగించాలి.

మరి ఏ నీళ్లు? డిస్టిల్డ్ వాటర్ లేదా డీమినరలైజ్డ్ వాటర్. బ్యాటరీ షాపులో ఐదు లీటర్ల క్యాన్ దొరుకుతుంది. అడిగేటప్పుడు "బ్యాటరీ నీళ్లు" అని ఊరుకోకండి, ఆ షాపులోనే యాసిడ్ కూడా క్యానుల్లో ఉంటుంది. లేబుల్ చదివి తీసుకోండి. తాగే ఆర్వో నీళ్లలో లవణాలు తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు. బోరు నీళ్ల కంటే నయం, అంతే.

కొనేటప్పుడు ఇంకో తికమక. కొన్ని డబ్బాలు గాఢమైనవి, నీళ్లు కలపాలి. కొన్ని కలిపే వస్తాయి. కొన్నింటి మీద ఒకటికి ఒకటి అని ఉంటుంది, కొన్నింటి మీద ఒకటికి రెండు, మూడు అని కూడా ఉంటుంది. ఆ డబ్బా మీద ఉన్న కొలతే పాటించండి. ఒకటికి ఒకటి అన్న దాన్ని ఒకటికి నాలుగు చేస్తే గ్లైకాల్ ఒక్కటే కాదు, తుప్పు మందు కూడా పల్చబడిపోతుంది. అప్పుడు అది రంగునీళ్లతో సమానం.

నకిలీ సరుకు గురించి కూడా అడుగుతుంటారు. ఒక చిన్న పరీక్ష ఉంది. ఇథిలీన్ గ్లైకాల్ నీళ్లకంటే బరువు. గాఢమైన కూలెంట్ ఒక లీటరు సుమారు 1100 గ్రాములు తూగుతుంది. సగం సగం కలిపింది 1070 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఖాళీ సీసా బరువు తీసేసి, కిరాణా కొట్టు కాటా మీద తూచి చూడండి. లీటరు సరిగ్గా కేజీ తూగితే మీరు కొన్నది రంగు కలిపిన నీళ్లే. బరువు సరిపోయినంత మాత్రాన మంచిదని కాదు, లోపల తుప్పు మందు ఉందో లేదో కాటా చెప్పదు. కానీ పచ్చి మోసాన్ని మాత్రం పట్టిస్తుంది.

(సభలోంచి ఒక డ్రైవరు: "మాస్టారూ, బండి కొన్నాక ఏ కూలెంట్ ఉందో తెలీదు. పచ్చగా ఉంది. ఇప్పుడు మంచిది పైన పోసేస్తే చాలదా?")

చాలదు బాబూ. లోపల ఏముందో తెలియనప్పుడు పైన ఎంత మంచిది పోసినా, ఆ మిశ్రమం ఆయుష్షు చెప్పలేం. ఐఏటీ, ఓఏటీ కలిస్తే ఐదేళ్లు రావాల్సిన మందు కూడా రెండేళ్ల మందు లాగా అయిపోతుంది. కొన్ని రకాలు కలిస్తే జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్నగొట్టాల్ని మూసేస్తాయి కూడా. సెకండ్ హ్యాండ్ బండి కొంటే మొదటి వారంలోనే మొత్తం దింపించి, కడిగించి, మాన్యువల్ ప్రకారం కొత్తది పోయించండి.

కడగడంలో చాలా షాపుల్లో జరిగేది చెబుతాను, మెకానిక్కు సోదరులు ఏమీ అనుకోవద్దు. రేడియేటర్ కింద కుళాయి విప్పి, పైపుతో నీళ్లు కొట్టి, మూసి, కలిపి ఉంచిన కూలెంట్ పోసేస్తారు. కానీ ఇంజన్ బ్లాకులో రెండు మూడు లీటర్ల కడిగిన నీళ్లు అలాగే ఉండిపోతాయి. వాటి మీద సగం సగం కలిపింది పోస్తే లోపల సగం ఎక్కడుంటుంది, పావే ఉంటుంది. అందుకని చివరిసారి కడగడం డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయండి. తర్వాత మాన్యువల్లో మొత్తం ఎన్ని లీటర్లో చూసి, అందులో సగం గాఢమైన కూలెంట్ ముందు పోయండి. మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. బ్లాకులో మిగిలిన నీళ్లు ఈ లెక్కలో వాటంతటవే కలిసిపోతాయి. బ్లాకు డ్రెయిన్ బోల్టు విప్పగలిగితే ఇంకా మంచిది. తర్వాత మూత తీసి ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆగండి. కింది హోస్ వేడెక్కితే తెరుచుకున్నట్టు. ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉంటే లోపలి గాలి బయటికి వచ్చేస్తుంది. గాలి లోపల ఉండిపోతే మొదటి ఘాటు రోడ్డులోనే ముల్లు పైకి లేస్తుంది.

(ఇంకొకరు: "ఎండాకాలం థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటాదంటారు కదండీ?")

ఈ మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రాదు. ఆయిల్ చిక్కగానే ఉంటుంది, డీజిల్ సరిగ్గా మండదు, మైలేజి పడిపోతుంది, సిలిండర్లు అరుగుతాయి. బీఎస్6 బండిలో ఇంజన్ చల్లగా ఉందని సెన్సార్ చెబుతూ ఉంటే కంప్యూటర్ డీజిల్ లెక్క మొత్తం మార్చేస్తుంది. థర్మోస్టాట్ ఉన్నప్పుడు బండి హీటయితే, తప్పు వేరేచోట ఉంది. దాన్ని వెతకాలి. మూత, బెల్టు, ఫ్యాను, రేడియేటర్ బయటి రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, తీరం గాలికి పొడిపొడిగా రాలిన రెక్కలు, ఇవన్నీ చూశాక లోపలికి వెళ్లండి. రెక్కలు కడిగేటప్పుడు కారు వాష్ గన్ను దగ్గరగా పెట్టొద్దు, రెక్కలు వంగిపోతాయి. మామూలు పైపు నీళ్లు, ఇంజన్ వైపు నుంచి బయటికి.

(మరొకరు: "ఘాటులో ముల్లు ఎర్రగీత దాటితే?")

పక్కకి ఆపండి. ఏసీ ఉంటే ఆఫ్ చేయండి. కూలెంట్ బయటికి పోకపోతే, ఇంజన్ వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, పంపు తిరుగుతూ హెడ్‌లో వేడిని లాగుతుంది. హోస్ పగిలి నీళ్లు పోతుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. ఒక్కోసారి కూలెంట్ మొత్తం పోయాక ముల్లు కిందికి దిగుతుంది. చల్లారిందని సంబరపడకండి, సెన్సార్ దగ్గర ద్రవం లేక గాలి మాత్రమే ఉంది, అందుకే తక్కువ చూపిస్తోంది. మూత మీద చెయ్యి వేయొద్దు. లోపల 100 దాటిన ద్రవం ప్రెషర్ మీద ఉంది, మూత తిప్పగానే ఆవిరై మొహం మీదికి లేస్తుంది. అరగంట, ముప్పావు గంట ఆగండి, పై హోస్ పిసికితే మెత్తగా నొక్కుకోవాలి, అప్పుడు గుడ్డ వేసి నిదానంగా తిప్పండి. వేడి ఇంజన్లో చల్లనీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. టమాటా లోడు అరగంట ఆలస్యమైతే మార్కెట్లో రేటు కొంచెం తగ్గొచ్చు. హెడ్ పోతే బండి షెడ్డులోనే ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు.

ఒక్క విషయం చెప్పకుండా ఈ మైకు వదలను. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకి చచ్చిపోతాయి, పిల్లలు తాగితే కిడ్నీలు పోతాయి. మిగిలిన కూలెంట్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి సీటు కింద పెట్టే అలవాటు మన బళ్లలో ఉంది. దయచేసి మానండి. ఇంటికి తీసుకెళ్లకండి. ఎవరైనా తాగారని అనుమానం వచ్చినా లక్షణాల కోసం చూడొద్దు, మొదటి కొన్ని గంటలు మత్తుగా, తాగినవాడిలా మాత్రమే ఉండొచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, డబ్బా కూడా చూపించండి. దీనికి విరుగుడు ఉంది, కానీ ముందుగా ఇస్తేనే పనిచేస్తుంది. దింపిన పాత కూలెంట్ కాలవలో వదలొద్దు. క్యానులో పట్టి, పాత ఇంజనాయిల్‌తో కలపకుండా విడిగా ఉంచి, కంపెనీ సర్వీస్ సెంటర్లో తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి.

ఇప్పుడు మనం బయటికి వెళ్దాం. రిఫ్రాక్టోమీటర్ తెచ్చాను. ఇంజన్ చల్లగా ఉన్న బళ్ల మూతలే తెరుస్తాను, కాబట్టి పొద్దుటి నుంచి ఇక్కడే ఆగి ఉన్నవి ముందు వరసలో పెట్టండి. ఒక్కో చుక్క అద్దం మీద వేస్తే మీ బండిలో గ్లైకాల్ ఎంత శాతం ఉందో మీ కళ్లతోనే చూసుకోవచ్చు. పేపర్ పట్టీలు కూడా ఉన్నాయి, అవి ముంచితే పులుపు ఎక్కిందో లేదో తెలుస్తుంది. గ్లైకాల్ పాతబడితే ఆమ్లంగా మారుతుంది, అప్పుడు శాతం బాగున్నా మార్చాల్సిందే. మీ మీ మాన్యువళ్లు చేతిలో పట్టుకుని రండి. లేనివాళ్లు ఫోన్లో తెరిచి ఉంచండి, కూలెంట్ పేజీ దగ్గర.